ఆఖరి మాటకు తెలుగు

“‘ఆమె’ వద్దు,” అన్నాడు కృష్ణమోహన్. “కూతుర్ని ఏ తండ్రీ ‘ఆమె’ అనడు.”

“గ్రీక్‌లో ప్రొనౌన్ ఉంది నాన్నా. వదిలేయలేం కదా.”

“అయితే ‘మా పిల్ల’ అను.”

అదితి ల్యాప్‌టాప్‌లో ఆ మాట కొట్టి, పెదవులు కదుపుతూ చదువుకుంది. వారం నుంచీ వాళ్లుండే బాతెల్ ఊళ్లో ఒకటే ముసురు. ఇంట్లో హీటర్ వేసే ఉన్నా ఆమె ఉన్ని టోపీని చెవుల మీదికి లాక్కుని, కిటికీ పక్కన రిక్లైనర్‌లో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కృష్ణమోహన్ భోజనాల బల్ల దగ్గరి కుర్చీ తెచ్చుకుని పక్కనే వేసుకున్నాడు.

అదితి యూనివర్సిటీలో ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చదువుతోంది. పీహెచ్‌డీ ఆఖరి సంవత్సరం. థీసిస్ అంతా ఆ కాలపు సమాధి రాళ్ల మీద చెక్కిన పద్యాల గురించే. మిగిలింది ఇంటి నుంచే రాసుకుంటానని, వేసవిలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసింది.

ఆమె కంప్యూటర్ సైన్స్ మానేసి ఈ చదువులో చేరినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. “చచ్చిన భాషలు చదివి ఎవరితో మాట్లాడతావు?” అని అరిచాడు కృష్ణమోహన్. ఆ తర్వాత చాలాకాలం తండ్రీకూతుళ్ల మధ్య ఫోన్‌లో వానల గురించి, ట్రాఫిక్ గురించి తప్ప మరో మాట నడవలేదు. ఇప్పుడు ఆయనే ఆఫీస్‌కి సెలవు పెట్టి, కూతురి పక్కన కూర్చుని, ఒక సమాధి పద్యాన్ని తెలుగులోకి తేవడానికి గ్రీకు అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు.

“ఇంతకీ ఇది రాసిందెవరు?” అని అడిగాడు.

“తెలీదు. చిన్న ఊరు. కూతురు పోతే వాళ్ల నాన్న చెక్కించాడు. అంతే తెలుసు.”

“మనకి ఈ రాళ్ల అలవాటు లేదు. అస్థికలు నీళ్లలో కలిపేస్తాం.”

“తర్వాత చూడ్డానికి ఏమీ మిగలదు కదా?”

“మిగలకూడదనేగా కలిపేది.”

“వీళ్లు అలా అనుకోలేదు నాన్నా. రాయి రోడ్ పక్కనే పెట్టేవాళ్లు. అటు వెళ్లేవాళ్లు ఆగి పైకి చదివేవాళ్లు. ఎవరో ముక్కూమొహం తెలీని మనిషి నోట్లోంచి ఆ నాన్న మాటలు వచ్చేవి. నాకు అది చాలా ఇష్టం.”

కృష్ణమోహన్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని తర్వాతి పంక్తి చూశాడు.

“‘పాడింది’ అని రాసి కొట్టేశావేం? బాగానే ఉందిగా?”

“లేదు, తప్పు. ఈ టెన్స్‌కి అర్థం ఆ పని ఇంకా అయిపోలేదని. సగంలో ఉందని.”

“అయితే ‘పాడుతూ ఉండేది’.”

“అవును. అదే కావాలి నాకు.”

అదితి తల్లి మీనా చిన్న గిన్నెలో చారన్నం కలిపి తెచ్చింది. అదితి రెండు స్పూన్లు తిని గిన్నె పక్కకి జరిపింది. “తర్వాత తింటానమ్మా.” మీనా బతిమాలలేదు. గిన్నె చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం టోపీ మీంచి, జుట్టు లేని కూతురి తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయింది.

“నీ ప్రొఫెసర్‌కి తెలుగు రాదుగా,” అన్నాడు కృష్ణమోహన్. “మనం తప్పు రాసినా ఆవిడకేం తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది.” అదితి నవ్వింది. “లాస్ట్ వర్డ్ ఒక్కటే ఉంది. ఖైరె. కలిసినప్పుడూ ఇదే అంటారు, వెళ్లిపోయేటప్పుడూ ఇదే. అసలు అర్థం సంతోషంగా ఉండు అని.”

“‘సెలవు’ అంటే?”

“పుస్తకంలో మాటలా ఉంది. నువ్వు ఏమంటావు? నేను హాలిడేస్ అయ్యాక కార్ ఎక్కుతుంటే ఏమనేవాడివి?”

కృష్ణమోహన్ కిటికీ వైపు చూశాడు. అద్దం మీద వాన చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ కిందికి జారుతున్నాయి.

“‘వెళ్లిరా’ అనేవాణ్ణి.”

“అదే పెడదాం.”

“కుదరదమ్మా. పోయినవాళ్లు తిరిగి రారు కదా. తప్పవుతుంది.”

“అయితే ‘వెళ్లు’ అనొచ్చా?”

“అనకూడదు. ఎవరితోనూ అలా అనం. ఎంత కోపమున్నా...” ఆయన మంచినీళ్లు తాగి వస్తానని లేచాడు.

వంటింట్లో మీనా కుళాయి తిప్పి, ఖాళీ సింక్ ముందు నిలబడి ఉంది. ఆయన పిలవలేదు. ఆమె తిరగలేదు. ఆయన పక్కనుంచి చెయ్యి చాపి కాసిని నీళ్లు పట్టి మొహం కడుక్కుని, చొక్కా భుజానికి తుడుచుకుని, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

అదితి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు.

“మొత్తం చదువు నాన్నా,” అంది కళ్లు తెరవకుండానే. “పైకి.”

కృష్ణమోహన్ కళ్లజోడు పెట్టుకున్నాడు.

“దారిన పోయేవాడా, కాస్త ఆగు. ఇక్కడున్నది మా పిల్ల.
నడక నేర్పింది నేను. నాకంటే ముందు నడిచింది తను.
పని చేసుకుంటూ పాడుతూ ఉండేది. వీధి చివరిదాకా వినపడేది.
ముందే అక్కడికి చేరినవాళ్లారా, తనకి చీకటంటే భయం, పక్కన చోటివ్వండి.
తల్లీ...”

అక్కడ ఆగిపోయాడు. అదితి దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి ఆయన మోకాలి మీద పెట్టింది.

“తల్లీ, వెళ్లిరా,” అని పూర్తిచేశాడు.

“పద్యం మీటర్ పూర్తిగా పోయింది,” అంది అదితి. “కానీ నువ్వు మాట్లాడినట్టే ఉంది. ఇంకేం మార్చొద్దు.”

“థీసిస్‌లో ఇలాగే పెట్టేస్తావా మరి?” అన్నాడు కృష్ణమోహన్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

“థీసిస్‌కి కాదు నాన్నా, నా రాయికి.”