పైనుంచే చూడాలి

బొటాన్ తలకిందులుగా ఈదుతోంది. ముక్కు తొట్టి అడుగున, తోక నీళ్ళ పైన.

కడుపు ఉబ్బరమనుకుని గెన్జో నీళ్ళలో ఉప్పు వేశాడు. నీళ్ళు వెచ్చబెట్టాడు. తిండి మానిపించాడు. ఏం చేసినా మార్పు లేదు.

బొటాన్ మామూలు బంగారు చేప కాదు, రాంచూ. వీపు మీద రెక్క ఉండదు, తలనిండా బుడిపెల కిరీటం. కువబారా గురువుగారు పెంచిన వంశంలో మిగిలిన ఆఖరి ఆడచేప. ఇది పోతే ఆ వంశమే పోతుంది.

జపాన్‌లోని ఆ కోరియామా ఊళ్ళో గురువుగారి పేరు చెబితే తల వంచనివాడు లేడు. కళ్ళారా చూసినవాడు మాత్రం ఆయన పాత శిష్యుడు నాగుమో ఒక్కడే. ఎప్పుడో వరదకి చెరువులు కొట్టుకుపోయాక గురువుగారు చేపల పెంపకం మానేసి ఎటో వెళ్ళిపోయారు. బతికి ఉన్నారని ఎవరూ అనుకోవడం లేదు. ఆయన మాట ఒక్కటి మిగిలింది.

రాంచూని పైనుంచే చూడాలి.

పసిపిల్లాణ్ణి అడిగినా ఆ మాట అప్పజెబుతాడు. రాంచూని గాజులో పెట్టి పక్కనుంచి చూడటమంటే ఆ ఊళ్ళో పెద్దమనిషి చేసే పని కాదు.

"ఉబ్బరం కాదది," అన్నారెవరో వెదురు తడిక అవతలినుంచి.

గెన్జో తలెత్తాడు. బక్కచిక్కిన ముసలాయన. చేతికర్ర, పాత కోటు, కోటు కింద నీలం చారల పైజామా.

"ఎవరు మీరు?"

"దారిన పోయేవాణ్ణి. ఉబ్బరమైతే పైకి తేలాలి కదా అబ్బాయ్? ఇది ముందుకి మొగ్గి మునుగుతోంది. తలవైపు ఏదో బరువుంది." ఆయన లోపలికి వచ్చేశాడు. "అమ్మా, ఉమె కాయలు ఊరబెట్టే గాజు జాడీ ఖాళీది ఉందా?"

గెన్జో భార్య ఫుమియె అప్పటికే వంటింట్లోకి పరిగెత్తింది.

"జాడీ ఎందుకు?"

"పక్కనుంచి చూడాలి."

గెన్జోకి ఒళ్ళు మండింది. "రాంచూనా? పక్కనుంచా? గురువుగారి మాట వినలేదా నువ్వు?"

"విన్నాను," అని నవ్వాడు ఆయన. "పాపం, ఆ ముసలాడికి అప్పటికి సగమే తెలుసు."

"ఎవర్ని ముసలాడంటున్నావ్!"

"ఏమండీ, అరుపులు తర్వాత," అంది ఫుమియె జాడీ తెచ్చి. "ముందు దాన్ని బతకనివ్వండి."

ముసలాయన చెయ్యి పంపు కింద పెట్టి అలాగే నిలబడ్డాడు. నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి.

"ఇప్పుడు ఈ స్నానమేమిటి?"

"మన చెయ్యి దానికి నిప్పు. చల్లబడనీ."

చేతివేళ్ళు ఎర్రబడ్డాక అప్పుడు బొటాన్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని, తొట్టి నీళ్ళు నింపిన జాడీలోకి వదిలాడు.

చూడకూడదనుకుంటూనే గెన్జో చూశాడు.

కిరీటం కింద ఒక మొహం ఉంది. బంగారు అంచు తీసిన కళ్ళు. పెద్ద బుగ్గలు. చిన్న నోరు. నాలుగేళ్ళు చేతులతో పెంచాడు, ఈ మొహం మాత్రం ఎరగడు. తన చేపని ఎవరో అప్పుడే పరిచయం చేసినట్టు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

ఆ చిన్న నోరు మూతపడటం లేదు.

"గొంతులో చూడు," అన్నాడు ముసలాయన.

నల్లగా, గుండ్రంగా, గులకరాయి! గాలి గొట్టం కదలకుండా గెన్జోయే తొట్టిలో వేసిన గులకరాళ్ళలో ఒకటి. పైనుంచి ఎన్నిసార్లు చూసినా కిరీటం అడ్డొచ్చి కనబడలేదు.

ముసలాయన చేపని మళ్ళీ చేతిలోకి తీసుకుని, తల కిందికి వంచి, గొంతు కింద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. రాయి టప్పున నీళ్ళలో పడింది.

మళ్ళీ జాడీలోకి వదిలితే బొటాన్ ఒకసారి ఒరిగింది. సర్దుకుంది. తిన్నగా ఈదింది.

ఫుమియె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలాయన మాత్రం జాడీ ముందు చతికిలబడి, ముక్కు గాజుకి ఆనించి చూస్తూనే ఉన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"టీ పెడతాను, కూర్చోండి," అంది ఫుమియె.

గెన్జోకి కృతజ్ఞత గొంతుదాకా వచ్చింది, ఆ ‘ముసలాడు’ అన్న మాట అడ్డుపడింది.

"చేపని బతికించావు, సరే. మా గురువుగారిని అంత మాట అన్నవాడికి ఈ ఇంట్లో టీ లేదు. వెళ్ళు."

"ఇంత భక్తి మంచిది కాదు అబ్బాయ్," అంటూ ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. తడిక దాటేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు. గెన్జోకేసి కాదు, జాడీకేసి.

వారం తిరక్కుండా నాగుమో నల్లబట్టల్లో వచ్చి, గుమ్మం బయటే నిలబడి ఉప్పు అడిగాడు. ఫుమియె ఇచ్చిన ఉప్పు, చావు మైల పోయేలా, భుజాల మీద చల్లుకున్నాక గానీ లోపలికి రాలేదు.

"ఎవరు పోయారు?" అన్నాడు గెన్జో.

"కువబారా గురువుగారు."

"ఆయన ఎప్పుడో పోయారు కదా!"

"అని మనం అనుకున్నాం. మన ఊరి ఆస్పత్రిలోనే ఉన్నారట. ఎవరికీ చెప్పొద్దన్నారట. నాకూ కబురు ఆఖరి రోజునే వచ్చింది." నాగుమో తొట్టి దగ్గరికి నడిచాడు. "వారి వంశంలో మిగిలింది ఇదొక్కటే. ఒకసారి చేతిలోకి తీసుకోనా?"

అంటూ చెయ్యి పంపు కింద పెట్టి అలాగే నిలబడ్డాడు.

గెన్జో ఆ చేతికేసి చూశాడు. "అదేమిటి, అలా..."

"గురువుగారు నేర్పిన అలవాటు. మన చెయ్యి దానికి నిప్పు అనేవారు."

ఫుమియె గబుక్కున గూట్లోని గాజు జాడీ వైపు చూసింది.

"నాగుమో గారూ," అన్నాడు గెన్జో. "ఆయన... నీలం చారల పైజామా..."

"ఆస్పత్రి బట్టలు. నీకెలా తెలుసు? మొన్నొకనాడు నర్సు కన్నుగప్పి ఎటో పోయి వచ్చారట. ఎక్కడికెళ్ళారని అడిగితే చంటిపిల్లాడిలా నవ్వి, ‘యాభై ఏళ్ళు పెంచానమ్మా, ఇవాళే దాని మొహం చూశాను’ అన్నారట."