కనబడినంతే

పడవ కింది అరలో కూర్చున్న కొత్త మనిషి టీ పుచ్చుకోలేదు. అక్కడ మొదలైంది సరంగు కోపం.

"అయ్యా, టీ!" అన్నాడు సరంగు మళ్ళీ.

ఆ మనిషి కళ్ళు నీళ్ళమీదే ఉంచి, చేత్తో వద్దన్నాడు. తల కూడా తిప్పలేదు.

సరంగుది కోపిష్టి వంశం. వాళ్ళ తాత ఒకసారి తుపానుమీద అలిగి మాట్లాడటం మానేస్తే, చివరికి తుపానే వచ్చి బతిమాలుకుందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. అలాంటి ఇంట పుట్టినవాడి టీ వద్దంటే ఊరుకుంటాడా? గ్లాసు సముద్రంలోకి ఒంపేసి, దడదడా పైకెక్కాడు.

పైన సైంటిస్టమ్మా, ఆమె సహాయకులిద్దరూ దుర్భిణులతో డాల్ఫిన్లను లెక్కపెడుతున్నారు.

"ఎవరమ్మా కింద ఆ బెల్లంకొట్టిన రాయి?"

"చెప్పను. పరిచయమైతే కబుర్లాడతావు. మేం చూసినవి ఆయనకీ, ఆయన చూసినవి మాకూ తెలియకూడదు. మధ్యలో ఆ టార్పాలిన్ కట్టింది అందుకే."

"ఒక్క పడవలో రెండు లెక్కలా!"

"ఒకే చేటలో బియ్యం ఇద్దరు వేరువేరుగా చూశారనుకో. ఇద్దరికీ అవే రాళ్ళు కనబడితే, కంటికి చిక్కనివి ఇక తక్కువే. ఒకరికి కనబడనివి ఇంకొకరికి కనబడుతుంటే, ఇద్దరికీ చిక్కనివి ఇంకా బోలెడున్నట్టు."

సరంగు బుర్ర చురుగ్గా పనిచేసింది.

"అంటే కిందాయన మీరు చూడనివి చెబితే లెక్క పెరుగుతుందన్నమాట!"

"పెరుగుతుంది. నిజంగా చూస్తే."

లెక్క నూరు దాటకపోతే ఈ అఖాతంలో వలలు మూత. ఈ రేవుకీ, అవతలి రేవుకీ ఒకటే తీర్పు. డాల్ఫిన్లు వలల్లో చిక్కి, పైకి రాలేక, ఊపిరాడక చస్తున్నాయట. సరంగుకీ బామ్మర్దికీ ఆ వలలే కూడు. ఈ సర్వే పడవ నడపడం మూణ్ణాళ్ళ ముచ్చట.

"పుట్టినప్పట్నించీ చూస్తున్నానమ్మా. ఇందాక నా కళ్ళముందే ఐదు లేచాయి!"

"ఒకటే ఐదుసార్లు లేచింది. దాని వీపు రెక్కకి గాటుంది, చూడు."

"మా బామ్మర్దిలాంటిదన్నమాట. ఒక్కడే అయినా ఇల్లంతా వాడే కనబడతాడు."

"ఇక్కడే ఉన్నా బావా, వినబడుతోంది," అన్నాడు బామ్మర్ది తాడు చుడుతూ.

అందరూ నవ్వారు. సరంగు నవ్వలేదు. చుక్కాని బామ్మర్దికి అప్పగించి కిందికి దిగాడు.

"అదుగో, ఎడమపక్క మూడు! చెప్పు!"

ఆ మనిషి చేతిలో చిన్న రికార్డరు ఉంది. ఏదైనా కనబడితే దానికే చెబుతాడు. ఇప్పుడు దాన్ని నోటి దగ్గరికి తీసుకురాలేదు.

"నాకు కనబడలేదు."

"నాకు కనబడ్డాయయ్యా!"

"నువ్వు చెప్పాక చూస్తే అది నా చూపు కాదు."

"నీ నోటి ముత్యాలేం రాలిపోవు. నాలుగు ఎక్కువ చెబితే రెండు రేవులు బతుకుతాయి!"

"నీళ్ళలోవీ బతకాలిగా."

సరంగుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకేం! నెల తిరిగేసరికి జీతం నీ ఇంటికి నడిచొస్తుంది. వల తడి ఎరగని ఒళ్ళు నీది. మా పొయ్యిలో పిల్లి లేవకపోతే నీకేం?"

ఆ మనిషి రికార్డరు మీద పడ్డ తుంపర తుడుచుకున్నాడు. చూపు మళ్ళీ నీళ్ళమీదికి వెళ్ళింది.

సర్వే ఆఖరి రోజు సాయంత్రం పడవ రేవుకి చేరేసరికి సైంటిస్టమ్మ లెక్క తేల్చింది. ఇన్నాళ్ళూ పైవాళ్ళు చూసినవీ, కిందాయన చూసినవీ దాదాపు ఒకటేనట.

"డెబ్బై నుంచి నూటపది దాకా ఉండొచ్చు."

"నూటపదే అనుకోవచ్చుగా!"

"డెబ్బయ్యే అని కూడా అనుకోవచ్చు. మధ్యలో తొంభై. అదే పంపుతాను."

"తెలియదని చెప్పడానికి ఇంత చదువా?"

"ఎంత తెలియదో చెప్పడానికి."

"కిందాయన నాలుగైదు ఎక్కువ చెప్పి ఉంటే?"

సైంటిస్టమ్మ అబద్ధమాడలేదు. "నూరు దాటేదే."

అప్పుడే ఆ మనిషి సంచీ తగిలించుకుని పడవ దిగుతున్నాడు. అలకి పడవ ఊగింది. ఆసరాకి చెయ్యి చాపాడు. ఒడ్డున నిలబడ్డ సరంగు తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

మనిషి జారి మెట్టుమీద పడ్డాడు. మోకాలు చిట్లింది.

"కనబడలేదు," అన్నాడు సరంగు.

ఆ మనిషి మెడలో ఉన్న పసుపుపచ్చ తువ్వాలు తీసి మోకాలికి చుట్టి, ఒంటిచేత్తో చిటికెలో ముడేసి, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆర్డరు వారంలోపే వచ్చింది. రెండు రేవులవాళ్ళూ వలలు తెచ్చి గోదాములో అప్పగించాలి.

సరంగూ బామ్మర్దీ గడువు చివరిదాకా బిగబట్టి, ఆఖరుకి వలలు భుజాన వేసుకుని బయల్దేరారు. దారి పొడుగునా సరంగు ఆ కింది అర మనిషికి ఏడు తరాల వెనక్కి వెళ్ళి మరీ తిట్లు వడ్డించాడు.

గోదాము బోసిగా ఉంది. ఎవరూ తేలేదింకా. ఒక్క మూల మాత్రం వలల కుప్ప, నడుమెత్తున. అతుకుల మీద అతుకులు వేసుకుని, ప్రాణంలా చూసుకున్న వలలు.

"ఎవడు వీడు, అందరికంటే ముందు తెచ్చి పడేశాడు?"

"అవతలి రేవాయన," అన్నాడు గుమాస్తా. "ఆర్డరు అంటించిన రోజే తెచ్చాడు. ఇంట్లో ఉన్నవన్నీ ఇవేనట. కుప్ప పోసి కాసేపు అక్కడే కూర్చున్నాడు."

"వెర్రివెంగళప్ప! గడువుదాకా ఉంచుకుంటే వాడి సొమ్మేం పోయింది? పేరు చెప్పు, వెళ్ళి కడిగేసి వస్తాను!"

"పేరడగలేదయ్యా. టీ ఇస్తే మాత్రం ఇష్టంగా రెండు గ్లాసులు తాగాడు. మోకాలికి పసుపుపచ్చ తువ్వాలు కట్టుకుని ఉన్నాడు."