పిండిమర ఇంజన్

నాన్న పోయాక పిండిమర మూతపడింది. ఆయన క్రూజర్ బైకులోని పెట్రోలు ఇంజన్ తీసేసి, మరలోని డీజిల్ ఇంజన్ బిగించడానికి కూతురికి ఏడాది పట్టింది. వెల్డింగ్ కూడా తనే చేసుకుంది.

ఆ రాత్రి షెడ్డులో ఒక్క కిక్కుకే ఇంజన్ డుగ్గు డుగ్గుమంది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటేగాని ఆమెకు నిద్రపట్టేది కాదు. కళ్లు చెమర్చాయి. బైకెక్కి గేరు వేసింది.

అంతలో వెనక సీటు స్ప్రింగులు కిర్రుమంటూ కిందికి దిగాయి. మెడకు వెచ్చగా ఊపిరి తగిలింది. షెడ్డులో ఇంకెవరూ లేరు.

ఎదురుగా ఇంటి కిటికీలోంచి అమ్మ మామూలుగానే కేకేసింది. "ఆగవే తల్లీ, అప్పుడే పోనివ్వకు! నాన్న ఇంకా సరిగ్గా కూర్చోలేదు."

కూతురు వెనక్కి తిరగలేదు. క్లచ్ నొక్కిపట్టి అలాగే ఆగింది.