దారం కొలిచిన దూరం

1954 మార్చి పన్నెండు, శుక్రవారం. ఆ పొద్దున ఉరుకుందప్ప శనక్కాయల ఊరుబిండితో జొన్నరొట్టె ఒకటిన్నర తిన్నాడు.

మిగిలిన సగం రొట్టెను అతని భార్య ఈరక్క గుడ్డలో కట్టి చేతికిచ్చింది.

కోడుమూరు నుంచి బస్సు, కర్నూలు నుంచి రైలు, బొంబాయి నుంచి లండనుకు విమానం. బోరుబావులు వేసే యంత్రాల పని నేర్చుకుని ఆరు నెలల్లో తిరిగి రావాలి.

గడప దాటినవాడు కళ్లద్దాలు మరిచి మళ్లీ లోపలికొచ్చాడు.

"రోంత నీళ్లు తాగి, కూసోని పో," అంది ఈరక్క.

బయట బస్సు హారను మోగింది. కూర్చోలేదు.

నడవలో, బండల మీది దుమ్ములో, అతని కొత్త బూటు అచ్చు ఒకటి మిగిలింది.

పయనమైన మనిషి చేరినట్టు తెలిసేదాకా ఆ ఇంట్లో నడవ ఊడవరు.

ఉరుకుందప్ప అన్న దేవేంద్రప్ప బళ్లో భూగోళం చెప్పే పంతులు. భార్య పోయిన ఈ నాలుగేళ్లూ అతనికింత అన్నం పెట్టిన చెయ్యి ఈరక్కదే.

ఆ సాయంత్రం అట్లాసు తెరిచి, బొంబాయి మీద దారం కొస పెట్టి, లండను దాకా బిగించి లాగాడు.

నాలుగున్నర అంగుళాలు. నాలుగున్నర వేల మైళ్లు. గంటకు మూడు వందల చొప్పున.

"పదైదు గంటలమ్మా. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం మధ్యాన్నానికి దిగుతాడు. మంగళవారం మనకు తంతి."

మంగళవారం తంతి రాలేదు.

అప్పుడు తట్టింది దేవేంద్రప్పకు, విమానం కూడా ఆగుతుందని. రైలెక్కితే ప్రతి స్టేషనూ లెక్కపెట్టుకునే మనిషి, ఆకాశంలో ఆగడమేమిటని దారాన్ని తిన్నగా లాగేశాడు.

"కైరోలో ఆగుతాదమ్మా. నూనె పోసుకోవల్ల గదా."

పక్కింటి గిడ్డమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏమప్పా సారూ, మన బస్సు మాదిరి టీ తాగేకి ఆపుతారా ఏంది?"

ఈరక్క నవ్వింది. శుక్రవారం తర్వాత అదే మొదటిసారి.

బుధవారం దేవేంద్రప్ప విమానాన్ని రోములో ఆపాడు.

గురువారం బడికి వచ్చిన మద్రాసు పేపరును చివరి అక్షరం దాకా చదివాడు. విమానం ఊసే లేదు. ఊపిరి పీల్చుకున్నాడు.

మడిచి పెట్టబోతూ తేదీ చూశాడు. అది నిన్నటి పేపరు.

సాయంత్రం జెనీవాలో ఆపాడు.

గిడ్డమ్మ ఈసారి నవ్వలేదు. చెంబుతో మజ్జిగ తెచ్చి, బూటు అచ్చు తొక్కకుండా గోడవారగా నడిచి, ఈరక్క పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఈరక్క చెంబు ముట్టలేదు.

"బావా, ఇంగా ఎన్ని తావుల ఆగల్ల?"

అట్లాసులో జెనీవాకూ లండనుకూ నడుమ గోరంత దారం మిగిలింది.

"ఇంగొక తావుండాదమ్మా."

వీధిలో గాలి లేచింది. దీపం వంగింది. బూటు అచ్చు మడమ దగ్గర కొంచెం చెదిరింది.

దేవేంద్రప్ప లేచి వెళ్లి, తలుపు ఊపుకు దుమ్ము కదలకుండా, రెండు చేతులా పట్టుకుని మెల్లగా మూశాడు.