సౌలాన్ బాతు

"తాతా, తాడు దాటకు! అక్కడే నిలబడి చప్పట్లు కొట్టు. బాతు రెక్కలాడిస్తుంది," అని అరిచాడు కాపలావాడు.

"నా బాతుకి నేను చప్పట్లు కొట్టడమేంట్రా!" అంటూ మాక్ తాడు దాటేశాడు.

హాంకాంగ్ రేవు ఒడ్డున దీపాల పండగ కిటకిటలాడుతోంది. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా పైన ఎర్రటి నియాన్ బాతు రెక్కలు టపటపలాడిస్తోంది. దాని పొట్ట కింద ఆకుపచ్చ అక్షరాలు: 'సౌలాన్ కాల్చిన బాతు'. పోయినేడు దాకా మాక్ దుకాణం మీద వెలిగిన బోర్డది. గాలివానకు ఎవరి నెత్తిన పడుతుందోనని సర్కారువాళ్లు నోటీసిచ్చి మరీ పీక్కుపోయారు. జనం ప్రాణాల మీద అంత ప్రేమ మరి! ఏం చేశారని అడిగితే తుక్కు కింద కరిగించేశామన్నారు. మాక్ గుండె రాయి చేసుకున్నాడు. ఆ బోర్డే ఇప్పుడు కళ్లెదుట కులుకుతోంది.

నల్లచొక్కా అమ్మాయి ఒకతె పరుగెత్తుకొచ్చింది. ఈ బాతును ఇక్కడ ఆడిస్తున్న కళాకారిణి షెక్ ఆమే.

"తాతగారూ, ముట్టుకోకండి. ఇది కళాఖండం."

"కళాఖండమా? అంగడి బోర్డమ్మా అది! దాని కిందే నిలబడి ఇన్నేళ్లూ బాతులు కొట్టాను. సౌలాన్ ఎవరో తెలుసా నీకు?"

"ఎవరూ కాదండీ. పాతకాలం పేరులా బాగుందని ఉంచేశాను."

మాక్‌కు ఒళ్లు మండిపోయింది.

"నా పెళ్లాం! పోయిందమ్మా అది! దాని పేరు మిగిలింది ఆ బోర్డు మీదే. నా కొట్టు మీద ఉంటే ప్రమాదం, నీ పండగలో ఉంటే అందమా? దింపు! నా సౌలాన్‌ని నాకిచ్చెయ్!"

కాపలావాడు అతని జబ్బ పట్టుకుని లాగాడు. మాక్ బోర్డు స్తంభాన్ని కావలించుకుని, చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చాడు.

ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పోనీలే, నా బాధ అర్థమయ్యే మనుషులు ఇంకా ఉన్నారనుకున్నాడు మాక్. ఎవరో ఒకరు ముందుకొచ్చి న్యాయం చెప్పకపోతారా అని తలెత్తి చూశాడు.

చప్పట్లు మారుమోగిపోయాయి. పైన బాతు ఆగకుండా రెక్కలు కొట్టుకుంది.

షెక్ కళ్లు కూడా చెమర్చాయి. కాపలావాడిని పక్కకు పొమ్మని, మాక్ భుజం మీద మెల్లగా చెయ్యేసింది.

"తాతగారూ, రేపు కూడా ఇదే టైముకి వచ్చి ఇలాగే ఏడుస్తారా?"