ఎడమచేతి ముడి

"నా పెనిమిటిని పొట్టనెట్టుకున్న మైకేది? నా ముందే ఇప్పండి!"

లౌడ్‌స్పీకర్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎత్తుకున్న గొంతు ధనలక్ష్మి ఇంకా దించలేదు. చంకలో పాప నిద్రపోతోంది. తీగ చుట్టే మిషన్లు, మోత కొలిచే గది ఇంజనీర్లు తిప్పి చూపిస్తున్నకొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇయ్యన్నీ నాకెందుకు? తుపానొత్తన్నాదని సెప్పాల్సిన మీ మైకు హార్బర్లో మూగదైపోనాది. నా పెనిమిటి మాసేను సంద్రంలోకి ఏటకెళ్ళిపోనాడు. మరి రానేదు. ఇదేనా మీ సెకింగు?"

పెద్ద ఇంజనీరు స్క్రూడ్రైవరు అందుకున్నాడు. హార్బరు జెట్టీ నుంచి దించి తెచ్చిన మైకును బల్లమీద పెట్టి విప్పాడు. లోపల గొట్టం నిండా ఉండగా చుట్టిన వల ముక్కలు.

"ఎవరో కుక్కేశారమ్మా. మైకు బాగానే ఉంది."

"అబద్ధం! మీరే కుక్కీసి నాటకాలాడతన్నారు!"

ధనలక్ష్మి ఆ ఉండను లాక్కుంది. చిరుగు కుట్టిన చోట ముడి ఎడమవైపుకు తిరిగి ఉంది. వాళ్ళ జెట్టీలో ఎడమచేత్తో వల కుట్టేవాడు మాసేను ఒక్కడే.

రోజంతా చేపల వేలంతో మోగే ఆ మైకుకి పాప ఉలిక్కిపడుతోందని, దాని నోరు ఎలాగైనా మూయించమని వారం రోజులు అతన్ని సాధించింది తనే.

ధనలక్ష్మి వల ముక్కల్ని నేలకేసి కొట్టింది.

"నానేదో అన్నాననుకో, నీ బుద్ధేటైపోనాది మావా!"

ఆ కేకకి పాప ఉలిక్కిపడి లేచింది.