గంటలో పంపించేస్తాం

పొద్దున్నే ఫోను గీపెట్టింది. దర్జీ చూడకుండానే దాని నోరు నొక్కేశాడు. వాన హెచ్చరికలంటే ఆయనకు విసుగెత్తిపోయి చాలా రోజులైంది.

విసుగెత్తదా మరి! ఈ వానాకాలంలోనే మూడుసార్లు భారీ వర్షమన్నారు. మూడుసార్లూ మంచం పట్టిన తల్లిని వీపున వేసుకుని గుట్ట మీది బడికి ఎక్కాడు. మూడుసార్లూ ఎండ ఫెళ్లున కాసింది. మూడోసారి దిగొస్తుంటే నడుం పట్టేసింది. ఇంకోసారి ఎక్కితే పేరు మార్చుకుంటానని నలుగురి ముందూ ఒట్టేశాడు. ఆ వీధేమో సముద్రానికీ కాలువకీ మధ్య గిన్నె అడుగులా ఉంటుంది. అయినా ఆయన మాటకు తలూపనివాళ్లు లేరు. అందరిదీ అదే విసుగు.

బయట సన్నగా తుంపర పడుతోంది. బడిపిల్లల చొక్కాలకు కాజాలు కుడుతుంటే వార్డు ఆఫీసు అమ్మాయి వచ్చింది. గొడుగు మడిచి గుమ్మంలోనే నిలబడింది. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. పాపం, వీధంతా తిరిగొచ్చినట్టుంది.

"బాబాయ్, లేవండి. గుట్ట మీదికి వెళ్లాలి."

ఆయన తలెత్తలేదు. మళ్లీ హెచ్చరికేనా అని అడిగాడు. కాదు, ఉత్త డ్రిల్లేనంది. నిజంగా వరదొస్తే వీధి ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో పైవాళ్లు చూసుకుంటారట. గంటలో అందరినీ పంపించేస్తారట.

అలాగైతే తనను వదిలేయమన్నాడు. సాయంత్రానికి ముప్పై చొక్కాలు అందించాలి. పైగా అమ్మను ఒకసారి కదిలిస్తే మూడు రోజులు మూలుగుతుంది. ఆ మూలుగు వినడం తన వల్ల కాదన్నాడు.

"అసలు మీ అమ్మగారి కోసమే వచ్చా బాబాయ్. మంచం పట్టినవాళ్లను మోయడం మావాళ్లకి సరిగా రాదు, నేర్చుకోవాలి. స్ట్రెచర్ తెచ్చారు. మీరు చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు."

ఆయన నసిగాడు. ఆ పిల్ల గుమ్మం వదల్లేదు. ఉత్తుత్తి పనికి ఇంత పట్టుదలేమిటో! మిగతావాళ్లంతా వెళ్లారా అంటే, నలభై ఒక్క ఇళ్లూ కదిలాయని, ఇదొక్కటే మిగిలిందని చెప్పింది. చెబుతూ రెండుసార్లు ఫోను చూసుకుంది. పై అధికారి చీవాట్లు పెడతాడని భయం కాబోలనుకున్నాడు. జాలేసింది.

లోపల్నుంచి తల్లి అందుకుంది. "పదరా అబ్బాయ్. ఈ కప్పు చూసీ చూసీ విసుగొచ్చింది. నాలుగు మొహాలు చూసొస్తాను."

ఇక తప్పేదేముంది! మిషను మీద గుడ్డ కప్పి, తల్లిని స్ట్రెచర్ మీద బయటికి పంపి, తలుపుకు తాళం వేశాడు. తల్లి మందులూ ఇంటి కాగితాల సంచీ కూడా ఆ అమ్మాయి ఆయన చేత పట్టించింది. డ్రిల్లుకి ఇంత హంగామా ఎందుకని గొణుక్కుంటూనే గుట్ట ఎక్కాడు.

బడిలో వీధి వీధంతా ఉంది. బెంచీల మీద కాళ్లు చాపుకుని ఎవరి కబుర్లలో వాళ్లున్నారు. కాసేపటికి వాన ఊపందుకుంది. కిటికీలోంచి చూస్తే పది అడుగుల అవతల ఏమీ కనబడడం లేదు. డ్రిల్లనగానే వాన కూడా టంచనుగా డ్యూటీకొచ్చిందని ఎలక్ట్రీషియన్ అంటే అందరూ ఘొల్లున నవ్వారు. తల్లి కూడా నవ్వింది. ఆమె నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! దర్జీకి మనసు కాస్త తేలికపడింది.

గంట దాటింది. గంటన్నరైంది. చొక్కాలు గుర్తొచ్చి లేచాడు. గేటుకు తాళం వేసి ఉంది. ఆ అమ్మాయి తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని వరండా మెట్టు మీద కూలబడి ఉంది. అప్పుడే ఎవరితోనో మాట్లాడి ఫోను దించింది.

"గంటన్నావు కదమ్మా, ఇంకా ఎంతసేపు? మా పనులు మాకుండవా? తాళం తియ్యి."

ఆమె లేవలేదు. లేచే ఓపిక లేనట్టుంది. తలెత్తి ఆయన వంక చూసింది.

"హెచ్చరికంటే మీరెవరూ కదలరని డ్రిల్లని అబద్ధం చెప్పాను బాబాయ్, కాలువ గట్టు తెగి మీ వీధి మునిగిపోయి పావుగంటైంది."